కొవ్వొత్తి వాసన ఎక్కడి నుంచి వస్తుంది?

అందరికీ నమస్కారం. పండక్కి ఇంట్లోనే సువాసన కొవ్వొత్తులు చేసుకుందామని వచ్చారు కాబట్టి నేరుగా విషయంలోకి వెళ్తాను.

కొత్తగా చేసేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: "అంత సువాసన ఆయిల్ పోశాం, వెలిగిస్తే వాసన రాదేం?" నేనూ మొదట్లో చేతికొచ్చినంత పోసేశాను. మైనం గట్టిపడ్డాక పైన చెమట పట్టినట్టు నూనె తేలింది. వెలిగిస్తే చిటపటలాడి, ఇంత మసి కక్కి ఆరిపోయింది.

మైనం పట్టుకోగలిగే నూనెకి ఓ హద్దుంది. 100 గ్రాములకి 6 నుంచి 8 గ్రాములు చాలు. చెంచా లెక్క వద్దు, తూకం వేయండి. కొవ్వొత్తుల కోసమే అమ్మే ఫ్రాగ్రెన్స్ ఆయిల్ తీసుకోండి. ఒంటికి కొట్టుకునే సెంటులో ఆల్కహాల్ ఉంటుంది. అది మైనంలో సరిగా కలవదు, పైగా భగ్గుమంటుంది.

ఇక అసలు సంగతి. వాసన మంటలోంచి వస్తుందనుకుంటాం. మంటలో పడ్డ నూనె కాలిపోతుంది. మన ముక్కుకి తగిలేది ఒత్తి చుట్టూ కరిగి నిలిచిన మైనం లోంచి లేచే ఆవిరి. ఆ మడుగు ఎంత వెడల్పుంటే గదిలో వాసన అంత. దాని వెడల్పు తేల్చేది ఒత్తి.

ఈ గ్లాసు చూడండి. సన్న ఒత్తి పెట్టాను. మధ్యలో బావి తవ్వినట్టు దిగిపోయింది, చుట్టూ మైనం గోడలా అలాగే ఉంది. ఆ గోడలో ఉన్న ఆయిలంతా దండగే. ఒత్తి మరీ లావైతే ఇంకో తంటా: మంట ఎగసిపడి గ్లాసు నల్లబడుతుంది. అందుకే గ్లాసు వెడల్పు కొలిచాకే ఒత్తి కొనండి. మొదటిసారి వెలిగించినప్పుడు మడుగు అంచుల దాకా చేరేవరకు ఆర్పకండి. ప్రతిసారీ వెలిగించే ముందు ఒత్తిని 5 మిల్లీమీటర్లకు కత్తిరించండి.

ఇప్పుడు దీన్ని ఆర్పుతున్నాను. తెల్లటి పొగ లేస్తోంది కదా, ఆ పొగకి అగ్గిపుల్ల చూపిస్తే... చూశారా, మంట ఒత్తి మీదికి దూకింది! శాస్త్రవేత్త మైకేల్ ఫారడే 1860-61 క్రిస్మస్ సెలవుల్లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లలకి కొవ్వొత్తి మీదే వరుస ప్రసంగాలిచ్చాడు. అందులో ఈ తమాషా కూడా ఉంది. మండేది ప్రధానంగా మైనపు ఆవిరి. కరిగిన మైనాన్ని పైకి పీల్చి మంటకి అందించడమే ఒత్తి పని.

తయారీ చెప్పడానికి పెద్దగా ఏం లేదు. మైనం గిన్నెని నేరుగా స్టవ్ మీద పెట్టకుండా వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించండి. సోయా మైనమైతే, అంటే సోయా గింజల నూనెతో చేసిందైతే, 80 డిగ్రీల దగ్గర ఆయిల్ పోసి రెండు నిమిషాలు మెల్లగా కలపండి, 60కి దిగాక గ్లాసులో పోయండి. పొరపాటున మైనం అంటుకుంటే నీళ్లు మాత్రం చల్లొద్దు, చిమ్మి మంట ఇంకా పెరుగుతుంది. స్టవ్ ఆపి మూత పెట్టేయండి. అందుకే మూత ముందే పక్కన ఉండాలి.

పోసిన మర్నాడే వెలిగిస్తే సోయా మైనం వాసన పలచగా ఉంటుంది. రెండు వారాలు ఊరనివ్వాలి. కాబట్టి పండగ ముందు రోజు మొదలుపెట్టి టెన్షన్ పడకండి.

ఇక స్టవ్ వెలిగిస్తున్నాను. ముందు వరుసలోవాళ్లు కాస్త వెనక్కి జరగండి. ఆ మూత ఇటివ్వండి.