బార్బారో విరిగిన కాలు అతికింది. మరి ఎందుకు పోయాడు?

[టేబుల్ మీద ఒక ఉట్టి, అందులో మట్టికుండ. పక్కన కత్తెర.]

నమస్తే. మొన్న ఆటోలో మలక్‌పేట రేస్‌కోర్సు ముందు నుంచి వస్తుంటే డ్రైవరన్న అటు చూపించి, "గుర్రం కాలిరిగితే కాల్చి పడేస్తరంట గదన్నా, ఇంక పైసల్ రావని" అన్నాడు. చదువుకున్నవాళ్ళ దగ్గరా ఇదే మాట వింటాను. "కట్టు కట్టి పడుకోబెట్టొచ్చుగా?" అని అడుగుతారు. విన్న ప్రతిసారీ నాకు చిరాకు. ఆటో దిగేలోపు చెప్పే సంగతి కాదు కాబట్టి ఈ వీడియో.

చెప్పబోయేది బార్బారో అనే రేసుగుర్రం గురించి. గుర్రాన్ని మనం 'అది' అంటాం. వీణ్ణి అలా అనడానికి నాకు నోరు రాదు. వాడు అనే అంటాను, తెలుగు మాస్టార్లు ఏమీ అనుకోకండి.

2006 మే 6. అమెరికాలో కెంటకీ డెర్బీ. మూడేళ్ళ బార్బారో ఆరున్నర లెంగ్తుల (లెంగ్తు అంటే ఒక గుర్రం పొడవు) తేడాతో గెలిచాడు. 1946 తర్వాత అప్పటిదాకా ఆ రేసులో అంత తేడాతో ఎవరూ గెలవలేదు. అప్పటికి ఆరు రేసులు పరిగెత్తితే ఆరూ గెలిచాడు. వాడి ట్రైనర్ మైకేల్ మాట్జ్ కథ ఇంకో సినిమా. 1989లో సూ సిటీలో కూలిన విమానంలో ఉన్నాడు, తను బతకడమే కాక పిల్లల్నీ బయటికి తెచ్చాడు. తర్వాత గుర్రపుస్వారీలో ఒలింపిక్ వెండి పతకం. వద్దులెండి, అటు వెళ్తే ఈ వీడియో అవదు.

రెండు వారాల తర్వాత, మే 20న, బాల్టిమోర్‌లో ప్రీక్‌నెస్ రేసు. లక్షకు పైగా జనం. గేటు తెరవకముందే బార్బారో దాన్ని నెట్టుకుని బయటికి వచ్చేశాడు. చూసి, బాగానే ఉన్నాడని మళ్ళీ గేట్లో పెట్టారు. ఈసారి అందరితో కలిసి బయల్దేరాడు. కాసేపటికే, జనం కళ్ళెదుటే, కుడి వెనక కాలు పట్టు తప్పింది. జాకీ ఎడ్గార్ ప్రాడో లగాం బిగించి ఆపి, కిందకి దూకి, వాణ్ణి పట్టుకుని నిలబడ్డాడు. ఆ వీడియో ఇక్కడ వేయను. కావాలంటే వెతుక్కోండి. నేనైతే రెండోసారి చూడలేకపోయాను.

ఎముక ఇరవైకి పైగా ముక్కలైంది. ఆ సాయంత్రమే పెన్సిల్వేనియా యూనివర్సిటీ వారి పశువుల ఆసుపత్రి, న్యూ బోల్టన్ సెంటర్‌కి తీసుకెళ్ళారు. మర్నాడు సర్జన్ డీన్ రిచర్డ్‌సన్ గంటల తరబడి ఆపరేషన్ చేసి, స్టీలు ప్లేటు, 27 స్క్రూలు వేశాడు. బయటికొచ్చి, బతుకుతాడా లేదా అన్నది బొమ్మా బొరుసే అన్నాడు.

ఆపరేషన్ కన్నా నాకు వింతగా అనిపించింది తర్వాతిది. వాణ్ణి మత్తులో ఉండగానే రబ్బరు తెప్ప లాంటి దాంట్లో పెట్టి, నాలుగు కాళ్ళూ కిందకి వేలాడేలా నీళ్ళ కొలనులోకి దించారు. ఎందుకంటే గుర్రం మత్తు దిగగానే పరిగెత్తబోతుంది. 1975లో రఫియన్ అనే ఆడగుర్రం విషయంలో జరిగింది అదే. బెల్మాంట్‌లో రేసు మధ్యలో కాలు విరిగింది, రాత్రికి రాత్రి ఆపరేషన్ చేశారు. మెలకువ రాగానే ఇంకా పరుగులోనే ఉన్నాననుకుందో ఏమో, పడుకునే కాళ్ళు కొట్టుకుని, కట్టిన కాలు మళ్ళీ విరగ్గొట్టుకుంది. ఇక చేసేది లేక ప్రాణం తీశారు. బార్బారో మాత్రం నీళ్ళల్లో కాళ్ళు ఆడించుకున్నాడు. ఎక్కడా తగల్లేదు.

అంటే కట్టూ కట్టారు, ఖర్చుకీ వెనకాడలేదు. నవంబర్‌కల్లా కుడికాలు పిండికట్టు కూడా తీసేశారు. విరిగిన ఎముక అతికింది. ఇంకోసారి చెప్తున్నా, అతికింది. వాడి ప్రాణం మీదకి తెచ్చింది విరగని కాళ్ళు.

[ఉట్టిని కెమెరా ముందుకి జరపాలి.]

ఇదిగో, దీనికోసమే మా అమ్మమ్మ వాళ్ళింటి నుంచి ఈ ఉట్టి తెచ్చా. బస్సులో ఒళ్ళో పెట్టుకుని వచ్చా, నవ్వారు కూడా. పర్లేదు.

ముందు మీ చెయ్యి చాపి నడివేలు చూసుకోండి. గుర్రం నడిచేది ఆ వేలి కొస మీద. డెక్క అంటే ఆ వేలి గోరు. ఐదువందల కిలోల ఒళ్ళు, నాలుగు గోళ్ళు. ఎముక డెక్కలో చెప్పులో పాదంలా కూర్చుంటుందని, బరువు అడుగున పడుతుందని చాలామంది అనుకుంటారు. అక్కడే పొరపాటు. లోపలి చివరి ఎముక డెక్క గోడలకి వేలాడుతూ ఉంటుంది, ఈ ఉట్టిలో కుండలా. ఆ ఎముకని ఇంగ్లీషులో కాఫిన్ బోన్ అంటారు, శవపేటిక ఎముక అని. ఎవరు పెట్టారో ఆ పేరు, నోరు మంచిది కాదు.

కుండ ఎముక అయితే, తాళ్ళు ఏవి? డెక్క గోడ లోపలివైపు దాదాపు 600 సన్నటి పొరలు నిలువుగా ఉంటాయి, పుస్తకంలో కాగితాల్లా. ఎముకవైపు నుంచీ అలాంటివే వచ్చి వీటి మధ్యలోకి దూరి పట్టుకుంటాయి. రెండు పుస్తకాల కాగితాలు ఒకదాంట్లో ఒకటి దూర్చి లాగితే రావు చూడండి, ఆ పట్టు. వాటి పేరు లామినే. అవి వాచి, పట్టు వదిలేస్తే లామినైటిస్.

మా అమ్మమ్మ ఉట్టికీ దీనికీ ఒక తేడా ఉంది. ఇవి పీచు తాళ్ళు, అవి ప్రాణమున్న తాళ్ళు. రక్తం అందినంతసేపే వాటి పట్టు. రక్తం బాగా అందాలంటే కాలు ఎత్తుతూ దించుతూ ఉండాలి. నిలబడ్డ గుర్రాన్ని ఎప్పుడైనా పది నిమిషాలు చూడండి. ఊరికే ఉండదు. ఇటు ఒరుగుతుంది, అటు ఒరుగుతుంది, ఒక కాలు సడలిస్తుంది. బోరింగ్ పంపు కొట్టినట్టు అన్నమాట, కొడితేనే నీళ్ళు.

ఇప్పుడు కుడి వెనక కాలు నొప్పి. బరువంతా ఎడమ వెనక కాలి మీద. దాన్ని ఎత్తుదామంటే కుడికాలు ఆనదు. పంపు ఆగింది. తాళ్ళు ఎండాయి.

[కత్తెరతో ముందువైపు తాడు ఒకటి కోయాలి.]

చూడండి, ఒక తాడు పోతే కుండ పడదు. రెండు పోయినా పడదు. కానీ ఒరిగింది, చూశారా? ఇంకొకటుంది. ఆ ఎముకకి వెనకనుంచి ఒక బలమైన టెండన్, అంటే కండని ఎముకకి కట్టే తాడు, పట్టుకుని ఉంటుంది. అది లాగడం ఆపదు. కృష్ణాష్టమినాడు కుర్రాళ్ళు ఉట్టిని కిందకి గుంజుతారే, అలాగ. ముందు తాళ్ళు తెగి, వెనకనుంచి గుంజుడు ఆగకపోతే ఎముక ముక్కు కిందకి తిరుగుతుంది. మరీ ముదిరితే అరికాలు చీల్చుకుని బయటికి వస్తుంది. ఆ గోరు మీదే నిలబడాలి, రాత్రీ పగలూ.

(అమ్మమ్మా, ఆ ఒక్క తాడు మళ్ళీ కట్టించేస్తాను.)

జూలైలో బార్బారో ఎడమ వెనక డెక్కకి జరిగింది ఇదే. రిచర్డ్‌సన్ ఆ డెక్క గోడ 80 శాతం తీసేయాల్సి వచ్చింది. గోరు మళ్ళీ వస్తుందిగా అంటారేమో. వస్తుంది, పైనుంచి కిందకి, నెలకి సెంటీమీటరు కూడా రాదు. మొత్తం రావడానికి ఏడాది పట్టొచ్చు. ఆ ఏడాదీ కుండ దేనికి వేలాడాలి?

జూలై 13న రిచర్డ్‌సన్ విలేకరుల ముందుకొచ్చి దాచకుండా చెప్పాడు, బతికే అవకాశం చాలా తక్కువని. నాకు ఆయన మీద గౌరవం ఏర్పడింది అక్కడ. అసలు కథ, అభిమానుల కథ, మొదలైందీ అక్కడే.

మే నెలలో జనం ఆసుపత్రి కంచెకి బ్యానర్లు కట్టారు. పూలు, కార్డులు, బుట్టల కొద్దీ ఆపిల్స్, క్యారెట్లు పంపారు. అది ఆటలో దెబ్బ తగిలిన హీరోకి చేసేది. జూలై తర్వాత కూడా బుట్టలు ఆగలేదు, కానీ ఇప్పుడు పంపేవాళ్ళకి సంగతి తెలుసు. మన ఇళ్ళల్లో పెద్దాయన మంచం పట్టినప్పుడు ఏం చేస్తాం? పొద్దున్నే ఫోన్ చేసి, "రాత్రి నిద్ర పట్టిందా? ఏమైనా తిన్నారా?" అంటాం. వాళ్ళు చేసిందీ అదే. ఆసుపత్రి ఇచ్చే కబురు కోసం ఎదురుచూసేవాళ్ళు: నిద్రపోయాడట, బాగా తింటున్నాడట, ఇవాళ బయటికి తీసుకెళ్తే గడ్డి మేశాడట. యజమాని గ్రెచెన్ జాక్సన్ తన పొలంలో గడ్డి కోసి తెచ్చి తినిపించేది. బార్బారో అభిమానుల్లో చాలామంది జీవితంలో ఒక్క పందెం కాయనివాళ్ళు, వాణ్ణి టీవీలో తప్ప చూడనివాళ్ళు.

"గుర్రం కోసం ఏడుపేంటి, మనుషులు పోవట్లేదా" అని ఆ రోజుల్లోనూ అన్నారు. అననివ్వండి. ఇంట్లో ఆవు పోతే ఆ పూట పొయ్యి వెలిగించని ఇళ్ళు మనకి తెలియనివా? ఆ ఇంటికి వెళ్ళి "పాలు ఇంకో ఆవు ఇస్తుందిలే" అని చూడండి, ఏమవుతుందో.

ఇంకోరకం వాళ్ళున్నారు. "స్టడ్‌కి పెట్టి, అంటే ఆడగుర్రాల్ని దాటించి, సంపాదించడానికే ఎనిమిది నెలలు హింస పెట్టారు" అంటారు. థరోబ్రెడ్ అనే ఈ రేసుగుర్రాల జాతిలో కృత్రిమ గర్భధారణతో పుట్టిన పిల్లని రిజిస్టర్ చేయరు, నిజంగా దాటాల్సిందే. దాటాలంటే బరువంతా వెనక కాళ్ళ మీదే. వాడికి పాడైనవే ఆ రెండూ. ఆశ అసలు లేదనను. కానీ లెక్కలు చూసుకునేవాడు జూలైలోనే చేతులు దులుపుకునేవాడు. చంపితే ఎందుకు చంపారంటారు, బతికిస్తే ఎందుకు బతికించారంటారు. సరే.

టైమ్ చూస్తే పద్నాలుగో నిమిషం. గబగబా చెప్పేస్తా.

పడుకోబెట్టొచ్చుగా? కుదరదు. అంత బరువున్న జంతువు వారాల తరబడి పడుకుంటే ఊపిరితిత్తులు, కండరాలు దెబ్బతింటాయి, ఒళ్ళు పుండ్లు పడుతుంది. పట్టీలతో వేలాడదీయొచ్చుగా? కొన్నాళ్ళకి చేస్తారు, అదీ గుర్రం ఒప్పుకుంటే. నెలల తరబడి కుదరదు. కాలు తీసేయొచ్చుగా? మిగిలిన మూడు ఉట్ల మీద బరువు పెరుగుతుంది, మళ్ళీ మొదటికే. ఈ జబ్బుకి కాలు విరగాల్సిన పని కూడా లేదు. 1973లో బెల్మాంట్ రేసుని 31 లెంగ్తుల తేడాతో గెలిచిన సెక్రటేరియట్ అనే గుర్రాన్ని 1989లో, పందొమ్మిదేళ్ళ వయసులో, తీసుకుపోయింది లామినైటిసే.

ఇక జనవరి. 2007 మొదట్లో ఎడమ డెక్కలో మళ్ళీ చెడిన కండ తీశారు. కుడి పాదంలో చీముగడ్డ లేచింది. 27న ఆ పాదం మీద బరువు పడకుండా ఎముకలోకి రెండు స్టీలు పిన్నులు దించారు. దాంతో బరువు ముందుకాళ్ళ మీదకి పోయింది, ఆ రెండు డెక్కలకీ లామినైటిస్ పట్టుకుంది. నాలుగు ఉట్లు, నాలుగూ. అప్పటిదాకా ఎంత నొప్పి ఉన్నా కుదురుగా ఉండేవాడు, తినేవాడు. ఆ చివరి రాత్రి మాత్రం నిలకడ లేదు. వాడు ఇంతకుముందు వాడిలా లేడని రిచర్డ్‌సన్‌కి తెలిసిపోయింది. 29 పొద్దున జాక్సన్ దంపతులు వచ్చారు. పదిన్నర ప్రాంతంలో ఇంజెక్షన్ ఇచ్చారు. తర్వాత ప్రెస్ ముందు మాట్లాడుతూ రిచర్డ్‌సన్ ఏడ్చాడు.

అభిమానులు ఇళ్ళకి వెళ్ళిపోలేదు. కొందరు చందాలేసుకుని కబేళాకి పోయే గుర్రాల్ని కొని విడిపించారు. వాడి పేరుతో లామినైటిస్ పరిశోధనకి నిధి పెట్టారు. 2006లో పుట్టిన వాడి తమ్ముడు నికానర్ రేసులకొచ్చినప్పుడు అన్నని చూసినట్టే చూశారు, పాపం వాడికి అంత పరుగు లేదు.

వాడి అస్థికలు చర్చిల్ డౌన్స్ దగ్గర ఉన్నాయి, డెర్బీ గెలిచిన చోటే. 2009లో వాటి మీద కంచు విగ్రహం పెట్టారు. పరుగు మధ్యలో ఉన్నట్టు, నాలుగు డెక్కల్లో ఒక్కటీ నేలకి తగలదు. దాన్ని లోపల కాకుండా గేటు బయట పెట్టారు, చూడ్డానికి వచ్చేవాళ్ళు టికెట్ కొనక్కర్లేకుండా. బ్యాటరీ ఎర్రగా మెరుస్తోంది, ఇంక ఆపుతున్నా. ఈ ఉట్టికి తాడు ఎవరు కడతారో తెలిస్తే కాస్త చెప్పండి.