మేకకి తగిలిన తూటా

అందరికీ నమస్కారం. ముందు కథ చెప్పేస్తాను, పుస్తకం సంగతి తర్వాత.

మిసెస్ ప్యాకిల్‌టైడ్ అనే లండన్ దొరసానికి పులిని చంపాలని కోరిక పుట్టింది. పులి మీద కోపమేం లేదు. లూనా బింబర్టన్ అని ఇంకో ఆవిడ ఈమధ్యే విమానంలో 11 మైళ్ళు తిరిగొచ్చి, ఎక్కడ కూర్చున్నా అదే ఊదరగొడుతోంది. దానికి విరుగుడు పులిచర్మం ఒక్కటే. తన ఇంట్లో లూనా పేరు మీదే విందు ఇవ్వాలి, నేల మీద ఆ చర్మం పరిచి ఉండాలి, మాటంతా దాని చుట్టూ తిరగాలి. లూనా పుట్టినరోజుకి పులిగోరు బ్రూచ్, అంటే బట్టకి గుచ్చుకునే నగ, కూడా ఇవ్వాలని అప్పుడే అనుకుంది.

ఇండియాలో ఏదో పల్లె. పెద్ద శ్రమ, ప్రమాదం లేకుండా పులిని చూపిస్తే వెయ్యి రూపాయలిస్తానంది. ఆ ఊరికి ఒక ముసలి పులి ఉంది. వేటాడే ఓపిక పోయి చిన్నాచితకా పశువులతో సరిపెట్టుకుంటోంది. వెయ్యి రూపాయలనేసరికి ఊరు ఊరంతా దానికి సేవ మొదలుపెట్టింది. అది ఇంకో అడవికి వెళ్ళిపోకుండా పిల్లలు రాత్రీపగలూ పొలిమేరలో కాపలా. చౌకరకం మేకల్ని అక్కడక్కడా వదిలేశారు. అందరికీ ఒకటే టెన్షన్: దొరసాని వచ్చేలోపు పులి ముసలితనంతో పోతుందేమోనని. పొలం పనయ్యాక చంటిపిల్లల్ని ఎత్తుకుని అడవిదారిన వచ్చే తల్లులు పాట ఆపేసేవాళ్ళట, పులికి నిద్రాభంగం కాకూడదని.

ఈ ఒక్క వాక్యం కోసం పుస్తకం కొనొచ్చు.

ఆ రాత్రి రానే వచ్చింది. చెట్టు మీద మంచె, కింద బాగా అరిచే మేక, మంచె మీద దొరసాని, పక్కన జీతానికి తోడుండే లూయీసా మెబిన్. పైసా దగ్గర ప్రాణం పెట్టే మనిషి. ముసలి పులైతే ఇంకా తక్కువకి రావాలి కదా అని మంచె మీద కూర్చుని బేరం లెక్కలేస్తోంది. తుపాకీ పేలింది, పులి పడింది, ఊళ్ళో డప్పులు మోగాయి. మేకకి తూటా గాయముందని, పులి ఒంటి మీద గాయమే లేదని మెబిన్ చూసింది. పులి ఆ చప్పుడుకే గుండె ఆగి చచ్చిపోయింది. ఊరివాళ్ళకి కావలసింది వెయ్యి రూపాయలు, వాళ్ళెందుకు నోరు విప్పుతారు? మెబిన్ మాత్రం లండన్ వెళ్ళాక దొరసాని దగ్గర విప్పింది. చిన్న ఇల్లొకటి చూసుకున్నాననీ, ధర 680 పౌండ్లనీ, తన దగ్గర అంత లేదనీ చెప్పింది. అంతే, ఇల్లొచ్చింది. పెద్ద వేటకి మళ్ళీ వెళ్ళలేదేం అని ఎవరైనా అడిగితే, పైఖర్చులు ఎక్కువండీ అంటుంది మిసెస్ ప్యాకిల్‌టైడ్.

ఈ కథ ‘ది క్రానికల్స్ ఆఫ్ క్లోవిస్’ అనే సంపుటిలోది. రాసింది సాకీ, అచ్చయింది 1911లో. అదే ఏడాది డిసెంబర్‌లో ఢిల్లీ దర్బారు ముగించుకుని అయిదో జార్జి చక్రవర్తి నేపాల్ తెరాయి అడవులకి వేటకెళ్ళాడు. ఆయన బృందం చంపిన పులులు 39. ఆ లెక్క పక్కన పెట్టుకుని చదివితే ఈ మేక మరీ బాగుంటుంది.

మొదటిసారి చదివినప్పుడు నాకు కొంచెం చిరాకేసింది. ఊరివాళ్ళలో ఒక్కరికీ పేరు లేదు, ఒక్కరూ మాట్లాడరు. అది సాకీ లోపమే, కాదనను. అయితే కథలో ఒప్పుకున్న పని ఒప్పుకున్నట్టు చేసి డబ్బు పుచ్చుకున్నది వాళ్ళొక్కళ్ళే. నటన అంతా దొరసానిది.

సాకీ అసలు పేరు హెక్టర్ హ్యూ మన్రో. పుట్టింది 1870లో, బర్మాలోని అక్యాబ్‌లో. తండ్రి అక్కడ పోలీసు అధికారి. కలంపేరు ఒమర్ ఖయ్యాం పద్యాల్లో మధుపాత్ర అందించే సాకీదని ఎక్కువమంది చెబుతారు. దువ్వూరి రామిరెడ్డిగారి ‘పానశాల’ చదివినవాళ్ళకి ఆ సాకీ తెలుసు. ఈ సాకీ పోసేది మాత్రం వేరే సరుకు. 1872లో, గర్భిణిగా ఉన్న తల్లిని ఇంగ్లండులో ఒక ఆవు తరిమింది. గర్భం పోయింది, ఆమె కోలుకోక చనిపోయింది. ఆయనే ఇలాంటిది కథలో రాస్తే మనం నమ్మం. పిల్లలు ముగ్గురూ డెవన్‌లో నాయనమ్మ ఇంట్లో, ఇద్దరు మేనత్తల పెత్తనం కింద పెరిగారు. ఆ మేనత్తలు ఒకరికొకరు పడరు, ఇద్దరికీ పిల్లలు పడరు.

క్లోవిస్ అంటే పనీపాటా లేని, నోరు పదునైన కుర్రాడు. పుస్తకానికి పేరు అతనిదే గానీ కొన్ని కథల్లో కనిపించడు, కొన్నిట్లో చివర్లో ఒక మాట అని పోతాడు. టోబర్‌మొరీ అనే పిల్లి కథలో అన్నది చూడండి. ఒకాయన పిల్లికి ఇంగ్లీషు నేర్పుతాడు. అది టీ దగ్గర కూర్చున్న అతిథుల గుట్లన్నీ, ఎవరు ఎవరి గురించి చాటుగా ఏమన్నారో, వాళ్ళ ముందే చెప్పడం మొదలెడుతుంది. అప్పటిదాకా ముద్దుచేసిన పెద్దమనుషులు దానికి విషం పెట్టాలని తీర్మానిస్తారు. పిల్లి వేరే పిల్లితో కొట్లాడి పోతుంది. తర్వాత ఆ గురువుగారిని డ్రెస్డెన్ జూలో ఏనుగు చంపేస్తుంది. జర్మన్ క్రియలు నేర్పబోయి ఉంటే తగిన శాస్తే అంటాడు క్లోవిస్. దీన్ని తెలుగు చెయ్యబోయి దెబ్బతిన్నాను. జర్మన్ క్రియలంటే మనకి నవ్వు రాదు. సంస్కృతం పిల్లలు బట్టీపట్టే శబ్దమంజరి అని పెడితే వస్తుంది, కానీ డ్రెస్డెన్ ఏనుగుకి శబ్దమంజరి ఏమిటి? ఆ కాగితాలు ఇంకా నా సొరుగులోనే ఉన్నాయి.

చివరగా ‘శ్రెడ్ని వష్టార్’ అనే కథ. ముగింపు చెప్పేస్తున్నాను, క్షమించాలి. కాన్‌రాడిన్‌కి పదేళ్ళు, రోగిష్టి పిల్లాడు. అయిదేళ్ళు కూడా బతకడని డాక్టరు తేల్చాడు. నీ మంచికే అంటూ ప్రతిదానికీ అడ్డుపడే సంరక్షకురాలు మిసెస్ డి రాప్. ఆవిడ పాత్ర వెనక సాకీ మేనత్తల్లో ఒకరైన అగస్టా ఉందంటారు. పిల్లాడు కొట్టంలో ముంగిసలాంటి ఒక జంతువుని దాచుకుని, దానికి శ్రెడ్ని వష్టార్ అని పేరు పెట్టి, దేవుడిలా మొక్కుతాడు. దేవుడా, నాకు ఒక్క పని చేసిపెట్టు అంటాడు. ఆ పని ఏమిటో కథ చెప్పదు. ఒకరోజు ఆవిడ దాని అంతు చూద్దామని కొట్టంలోకి వెళ్తుంది. పిల్లాడు కిటికీ దగ్గర నిలబడి చూస్తూ ఉంటాడు. కాసేపటికి జంతువు ఒక్కటే బయటికొస్తుంది, మూతికీ మెడకీ తడి మరకలు. ఆరోగ్యానికి మంచిది కాదని ఆ ఇంట్లో టోస్టు మామూలుగా పెట్టరు. ఆ పూట బల్ల మీద టోస్టు ఉంది. తలుపవతల అరుపులు, పరుగులు, ఏదో బరువు మోసుకొస్తున్న అడుగులు. పాపం ఆ పసివాడికి ఎవరు చెబుతారు, నావల్ల కాదమ్మా అని వాళ్ళు మల్లగుల్లాలు పడుతుంటే, కాన్‌రాడిన్ వెన్న రాసుకుని తినడం అయిపోయి, ఇంకో టోస్టు కాల్చుకుంటున్నాడు.