‘గ్రిజ్లీ మ్యాన్’ రివ్యూ: వెర్రివాడా, వీరుడా అన్న తగవులో ఎలుగుబంటి ఎక్కడ?

నమస్కారం. ఈ రోజు వర్నర్ హెర్జోగ్ 2005లో తీసిన ‘గ్రిజ్లీ మ్యాన్’ డాక్యుమెంటరీ గురించి మాట్లాడుకుందాం. ముగింపు చెప్పేస్తున్నానని నన్ను కోప్పడకండి. సినిమా మొదలవగానే తెర మీద తిమొతీ ట్రెడ్‌వెల్ అన్న పేరు, దాని పక్కనే అతను పుట్టిన, పోయిన సంవత్సరాలు పడతాయి. దాచడానికి దర్శకుడే ఏమీ మిగల్చలేదు.

అలాస్కాలోని కట్మై నేషనల్ పార్కులో ఇతను 13 వేసవులు గోధుమరంగు ఎలుగుబంట్ల (గ్రిజ్లీల) మధ్య టెంటు వేసుకుని బతికాడు. తుపాకీ లేదు. చివరి సంవత్సరాల్లో పెప్పర్ స్ప్రే కూడా వద్దనుకున్నాడు. 2003 అక్టోబరులో ఒక ఎలుగుబంటి అతన్ని, అతనితో ఉన్న ప్రియురాలు ఏమీ హ్యూగనార్డ్‌ను చంపేసింది. అతను తన కెమెరాతో తీసుకున్న వంద గంటల వీడియోలోంచి హెర్జోగ్ ఈ సినిమాను కూర్చాడు.

మొన్న మా ఇంట్లో నలుగురం కలిసి చూశాం. సినిమా గంటా నలభై నిమిషాలు, ఆ తర్వాత తగవు రెండు గంటలు! “కొరివితో తల గోక్కున్నాడు, కాలింది. ఇందులో ఏడవడానికేముంది?” అని ఒకరు. “ఆ నక్క వెంట నడుస్తుంటే అతని ముఖం చూశావా? మనలో ఎవరికైనా అంత సంతోషం ఉందా?” అని ఇంకొకరు. ఈ సినిమా చూసినవాళ్లలో దాదాపు అందరూ ఈ రెండు వైపుల్లో ఏదో ఒక వైపు చేరిపోతారు. నేను మొదటిసారి చూసినప్పుడు మొదటి వైపు, రెండోసారి రెండో వైపు. ఇప్పుడు రెండూ కాదు. ఎందుకో చెబుతాను.

రెండు మగ ఎలుగుబంట్లు ఒక ఆడదాని కోసం కొట్టుకునే దృశ్యం ఉంది. నేపథ్య సంగీతం లేదు. వెనక కాళ్ల మీద నిలబడి ఒకదాన్నొకటి కరుచుకుంటాయి. అంత పెద్ద శరీరాలు కింద పడి దొర్లుతుంటే గడ్డి వేళ్లతో సహా లేచిపోతుంది. అవి వెళ్లిపోయాక ట్రెడ్‌వెల్ ఆ దున్నినట్టున్న నేల దగ్గరికి వచ్చి, ఓడిన ఎలుగుబంటిని ఓదారుస్తున్నట్టు మాట్లాడతాడు. దాని పేరు పెట్టి మరీ! అక్కడ నాకు నవ్వు రాలేదు, భయం వేసింది. ఎదురుగా ఉన్నది ఏమిటో ఆ నేలే చెబుతోంది, అతను మాత్రం వినడం లేదు.

ఇంకో చోట వానలు పడక ఏటిలో నీళ్లు తగ్గిపోతాయి. సాల్మన్ చేపలు పైకి ఎక్కలేవు, ఎలుగుబంట్లు ఆకలితో అలమటిస్తాయి. ఇతను ఏటిలో రాళ్లు జరిపి చేపలకు దారి చేయబోతాడు. టెంటులో కూర్చుని తెలిసిన దేవుళ్లందరినీ తిట్టి మరీ వాన అడుగుతాడు. తర్వాత నిజంగానే వాన కురుస్తుంది. చూసినవాళ్లంతా ఇక్కడ నవ్వుతారు, నేనూ నవ్వాను. కానీ అడవిని ఉన్నదున్నట్టు కాపాడతానని వచ్చిన మనిషి ఏటి రాళ్లు జరుపుతున్నాడు, గమనించారా?

హెర్జోగ్‌లో నాకు నచ్చింది ఇదే. తన కథానాయకుడితో తెర మీదే విభేదిస్తాడు. ట్రెడ్‌వెల్ తీసిన ఎలుగుబంట్ల ముఖాల్లో తనకు స్నేహం కనబడలేదని, కనబడింది తిండి ధ్యాసేనని చెబుతాడు. అయినా అతన్ని వెటకారం చేయడు. మనిషి ఫ్రేములోంచి వెళ్లిపోయాక ఉత్త గడ్డి గాలికి ఊగే షాట్ చూపించి, ఇది ఏ స్టూడియోకూ అందని అందమని మెచ్చుకుంటాడు.

చివరి దాడి జరిగినప్పుడు కెమెరా లెన్స్ మూత తీయలేదు. శబ్దం మాత్రమే రికార్డయింది. హెర్జోగ్ హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటాడు. మనకు ఒక్క ముక్క కూడా వినిపించదు. ఆ టేపును దగ్గర ఉంచుకున్న ట్రెడ్‌వెల్ స్నేహితురాలు ఎదురుగా కూర్చుని హెర్జోగ్ ముఖంలోకి చూస్తుంటుంది. దీన్ని ఎప్పుడూ వినవద్దని ఆమెకు చెబుతాడు. ఇంత నిగ్రహం చూపినవాడు, శవపరీక్ష చేసిన వైద్యుడితో ఆ చావును నాటకీయంగా ఎందుకు చెప్పించాడో నాకు అర్థం కాలేదు. సినిమాలో నాకు నచ్చని చోటు అదొక్కటే.

తగవులో ఎవరూ ఎత్తని మాట ఒకటుంది. మనిషి పక్కనే తిరుగుతుంటే జంతువుకు మనిషంటే బెరుకు పోతుంది. ట్రెడ్‌వెల్ వెళ్లిపోయినా ఆ బెరుకు వెంటనే తిరిగి రాదు. తర్వాత వచ్చేవాడు తుపాకీతో వస్తే నష్టం ఎవరికి? అలాస్కా ఆదివాసులైన అల్యూటిక్ ప్రజల వారసుడొకాయన సినిమాలో ఇదే అంటాడు. తమవాళ్లు తరతరాలుగా ఎలుగుబంటికీ మనిషికీ మధ్య ఒక గీతను గౌరవించారని, ఇతను దాన్ని దాటాడని. ఆ రెండు నిమిషాల కోసం సినిమాను మళ్లీ చూడవచ్చు.

ఏమీ హ్యూగనార్డ్ సంగతి మరీ బాధాకరం. వంద గంటల్లో ఆమె కనిపించేది ఏవో కొన్ని క్షణాలు, అప్పుడూ ముఖం సరిగ్గా కనబడదు. ఎలుగుబంట్లంటే ఆమెకు భయం. అయినా అక్కడే ఉంది.

చిన్నపిల్లలతో కలిసి చూడకండి. మిగతావాళ్లు తప్పక చూడండి, వీలైతే ఒంటరిగా కాకుండా నలుగురితో.

దాడి తర్వాత వెతుకుతూ వెళ్లిన రేంజర్లు అక్కడ రెండు ఎలుగుబంట్లను కాల్చి చంపారు. మా ఇంట్లో రెండు గంటలు సాగిన తగవులో వాటి ప్రస్తావన ఒక్కసారి కూడా రాలేదు.