గ్రీన్ టీ, క్యాన్సర్: డాక్టరుకు చెప్పవలసిన మాట

సభాధ్యక్షులకు, వాకర్స్ అసోసియేషన్ కార్యవర్గానికి, నడక ముగించుకుని ఇక్కడ కూర్చున్న పెద్దలకు, సోదరీమణులకు నమస్కారం. ప్రపంచ క్యాన్సర్ దినం సందర్భంగా ఆహారపు అలవాట్ల గురించి మాట్లాడమని కార్యదర్శిగారు కోరారు. అంత విషయానికి వ్యవధి చాలదు కనుక, మీలో చాలామంది రోజూ తాగే గ్రీన్ టీకే పరిమితమవుతాను.

గ్రీన్ టీకి క్యాన్సర్‌ను అడ్డుకునే గుణం ఉందన్న మాట గాలివార్తగా పుట్టినది కాదు. టీ ఆకుకు వగరునిచ్చే కాటెచిన్లు అనే పదార్థాలలో ముఖ్యమైన ఈజీసీజీ అనే పదార్థాన్ని ఎలుకల చర్మం మీద పూస్తే కణుతులు పెరగడం తగ్గిందని జపాన్‌లో హిరోతా ఫుజికీ బృందం 1987లో ప్రకటించింది. ఆ తరువాత సైతామా ప్రాంతంలో 8,552 మందిని ఏళ్ల తరబడి గమనించినప్పుడు, రోజుకు పది చిన్న కప్పులకు పైగా తాగే స్త్రీలకు క్యాన్సర్ వచ్చినా ఆలస్యంగా వచ్చినట్టు తేలింది. బయోకెమిస్ట్రీ పాఠం చెప్పిన ఇన్నేళ్లలో నాకు ఇంత ఆశ కలిగించిన పదార్థాలు అరుదు.

అయితే అదే జపాన్‌లోని మియాగీలో 26,311 మందిని పరిశీలించి 2001లో వెలువరించిన ఫలితాలలో జీర్ణాశయ క్యాన్సర్ ఏమాత్రం తగ్గినట్టు కనిపించలేదు. 2006లో వచ్చిన ఒసాకీ అధ్యయనం 40,530 మందికి సంబంధించినది. గ్రీన్ టీ ఎక్కువగా తాగేవారిలో గుండె, రక్తనాళాల జబ్బులతో మరణాలు తగ్గాయి గాని క్యాన్సర్ మరణాలు తగ్గలేదు. 2020లో, వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 142 అధ్యయనాలను ఒక్కచోట చేర్చి చూసి, ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదని చెప్పింది.

ఇలా ఎందుకు జరుగుతుందో చెప్పడానికి ఒక్క కారణం చాలదు గాని, నాకు ముఖ్యమని తోచేది ఇది. ప్రయోగశాలలో గాజు పళ్లెంలోని క్యాన్సర్ కణాల మీద పోసే ఈజీసీజీ మోతాదు, మనం రెండు మూడు కప్పులు తాగాక రక్తంలో కనిపించే మోతాదు కంటే తరచుగా పదుల రెట్లు ఎక్కువ. తాగినదానిలో చాలా భాగం పేగులోనే మిగిలిపోతుంది, రక్తంలోకి చేరినదాన్ని కాలేయం మార్చివేస్తుంది. ఆ లోటు పూడ్చడానికే గ్రీన్ టీ సారం నింపిన క్యాప్సూళ్లు వచ్చాయి. నేను ఈ రోజు ఇక్కడికి రావడానికి అసలు కారణం కూడా అవే.

మా మేనమామ తెలుగు పండితుడిగా పదవీ విరమణ చేశారు. ఆయనకు మల్టిపుల్ మైలోమా అనే రక్త క్యాన్సర్ వచ్చింది. వారం వారం పొట్ట చర్మం కింద బోర్టెజోమిబ్ అనే క్యాన్సర్ మందు ఇంజెక్షన్ ఇచ్చేవారు. అమెరికాలో ఉన్న కొడుకు ప్రేమకొద్దీ పంపిన గ్రీన్ టీ సారం డబ్బా ఆయన తలగడ పక్కన, మడతపెట్టిన తుండుగుడ్డ కింద ఉండేది. ఒక క్యాప్సూల్ విప్పి చూశాను: లేత గోధుమరంగు పొడి, నాలుక కొసకు తగిలితే గొంతుదాకా వగరు. డాక్టరుగారికి చెప్పావా మామయ్యా అని అడిగితే, "ఆకు మందే గదరా, అదీ చెప్పాలా?" అన్నారు. ఆ ఆస్పత్రిలో కూడా, మందుల చీటీలో ఉన్నవి తప్ప ఇంకేమైనా వాడుతున్నారా అని ఆయనను ఎవరూ అడగలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

ఎందుకంటే 2009లో అమెరికా శాస్త్రవేత్తలు కణాల మీద, ఎలుకల మీద చేసిన ప్రయోగాలలో, ఈజీసీజీ సరిగ్గా ఈ బోర్టెజోమిబ్‌లోని బోరాన్ భాగాన్నే పట్టుకుని, ఆ మందు క్యాన్సర్ కణాలను చంపకుండా అడ్డుపడింది. క్యాన్సర్‌కు విరుగుడని నమ్మిన పదార్థమే క్యాన్సర్ మందుకు విరుగుడైంది. మామయ్య విషయంలో మందు పని ఎంత చెడిందో తేల్చే మార్గం లేదు. విషయం తెలియగానే డాక్టరుగారు క్యాప్సూళ్లు మాన్పించారు. అయ్యా, అమ్మా, మీ ఇళ్లలో చికిత్స తీసుకుంటున్నవారు ఉంటే, వారు మింగే ప్రతి ఆకు మందునూ, ప్రతి పొడినీ డాక్టరుకు చూపించండి. అడగకపోయినా చూపించండి.

జబ్బు లేనివారికీ క్యాప్సూల్ విషయంలో జాగ్రత్త అవసరమే. రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకు మించి ఈజీసీజీని క్యాప్సూళ్ల రూపంలో తీసుకున్నవారిలో కాలేయం దెబ్బతింటోందని సూచించే ఎంజైములు రక్తంలో పెరిగిన దాఖలాలున్నాయని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో చెప్పింది. ఐరోపాలో కప్పులలో తాగేవారికి అందేది సగటున రోజుకు 90 నుంచి 300 మిల్లీగ్రాములే. కాబట్టి నడక తరువాత మీరు తాగే కప్పు గురించి నాకు బెంగ లేదు. పొగలు కక్కుతుండగా మాత్రం తాగవద్దు. 65 డిగ్రీలు దాటిన పానీయాలు అన్నవాహిక క్యాన్సర్‌కు బహుశా కారణం కావచ్చని 2016లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ పేర్కొంది.

క్యాప్సూళ్లు వాడుతున్నవారు డబ్బాలు తెచ్చి ఉంటే ముందు వరుసలోకి రండి. ఒక్కో క్యాప్సూల్‌లో ఈజీసీజీ ఎంత ఉందో, అసలు ఆ అంకె వేశారో లేదో, కలిసి చదువుదాం.