ఎలుగుల మధ్య ఒక మనిషి, అతని కెమెరా

శ్రోతలకు నమస్కారం.

అమెరికాలోని అలాస్కాలో కాట్మై నేషనల్ పార్క్ ఉంది. ఏటికి ఎదురీదుతూ వచ్చే సాల్మన్ చేపల కోసం అక్కడికి పెద్ద పెద్ద గోధుమరంగు ఎలుగుబంట్లు చేరతాయి. టిమోతీ ట్రెడ్‌వెల్ అనే ఆయన వరసగా 13 వేసవులు వాటి మధ్యే గుడారం వేసుకుని గడిపాడు. మిస్టర్ చాక్లెట్ అనీ, ఆంట్ మెలిస్సా అనీ వాటికి పేర్లు పెట్టుకున్నాడు. 2003 అక్టోబరులో ఆయన్నీ, వెంట ఉన్న స్నేహితురాలు ఏమీ హ్యూగెనార్డ్‌నీ ఒక ఎలుగు చంపి తినేసింది.

జర్మన్ దర్శకుడు వెర్నర్ హెర్జోగ్ ఈ కథతో 2005లో ‘గ్రిజ్లీ మ్యాన్’ అనే డాక్యుమెంటరీ తీశారు. అందులో చాలా భాగం ట్రెడ్‌వెల్ స్వయంగా చిత్రించినదే. చివరి ఐదు వేసవుల్లో ఆయన తీసిన వీడియో వంద గంటలకు దగ్గరగా ఉంది. కొరివితో తల గోక్కున్నాడని తేల్చేసినవాళ్లూ ఈ సినిమాలో మాట్లాడతారు, ఆయన్ని ప్రాణంగా చూసుకున్నవాళ్లూ మాట్లాడతారు.

నాకు బాగా నచ్చినది ఒక చిన్న సన్నివేశం. తలకు గుడ్డ కట్టుకుని, నల్లకళ్లద్దాలు పెట్టుకుని, ట్రెడ్‌వెల్ కెమెరా ముందుకు ఉరికి వస్తాడు. చెప్పవలసింది చెప్పి పక్కకు వెళ్లిపోతాడు. తర్వాత అక్కడ ఎవరూ ఉండరు. గాలికి పొదలు ఊగుతుంటాయి, అంతే. ఇంకొకరైతే ఆ ముక్క కత్తిరించి పారేసేవారు. హెర్జోగ్ దాన్ని ఉంచి, ఇలాంటి ఖాళీ క్షణాల్లోనే అందం ఉందంటారు. పోయిన మనిషిని సాటి సినిమావాడిగా గౌరవించడం అంటే ఇదీ.

గౌరవించినంత మాత్రాన ఆయన మాట ఒప్పుకోలేదు. ట్రెడ్‌వెల్‌కి ఎలుగు ముఖంలో స్నేహం కనిపించింది. హెర్జోగ్ అదే ముఖాన్ని దగ్గరగా చూపించి, నాకు ఇందులో ఏ బంధుత్వమూ కనిపించడం లేదు, తిండి మీద ధ్యాసే కనిపిస్తోంది అంటారు. అక్కడితో ఆగితే బాగుండేది. సృష్టి అంతటా ఉన్నది గందరగోళం, వైరం, హత్య అని కూడా అంటారు. అది నాకు మింగుడుపడలేదు. శీతాకాలమంతా గుహలో నిద్రపోవాలి కాబట్టి ఎలుగు అక్టోబరులో దొరికిందల్లా తిని కొవ్వు పెంచుకుంటుంది. ట్రెడ్‌వెల్ మామూలుగా ఆ టైముకి వెళ్లిపోయేవాడు. ఆ ఏడు బయల్దేరి కూడా వెనక్కి వచ్చాడు. ఆకలిగొన్న జంతువుకి హత్య అంటగట్టడం, దాన్ని స్నేహితుడనడం, రెండూ మనుషులు చేసే పనులే.

దాడి జరిగినప్పుడు కెమెరా ఆన్‌లో ఉంది, లెన్సుకి మూత ఉంది. ఆరు నిమిషాల శబ్దం మాత్రం రికార్డయింది. హెర్జోగ్ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అది వింటారు. మనకి వినిపించరు. టేపు దాచుకున్న ట్రెడ్‌వెల్ మరో స్నేహితురాలితో, దీన్ని ఎప్పుడూ వినొద్దు అంటారు. శబ్దానికి ఎంత బలం ఉందో రేడియో వినే మీకు నేను చెప్పక్కర్లేదు. సంచలనం కావాలనుకుంటే ఆ టేపొక్కటీ చాలు. ఆయన వద్దనుకున్నారు.

పారిపొమ్మని ట్రెడ్‌వెల్ అరిచినా ఏమీ హ్యూగెనార్డ్ వెళ్లలేదనీ, పెనంతో ఎలుగుని కొట్టిందనీ ఆ టేపు విన్న వైద్యాధికారి సినిమాలో చెబుతారు. అన్ని గంటల వీడియోలో ఆమె కనిపించేది ఒకటి రెండు చోట్లే. ట్రెడ్‌వెల్ తను ఒంటరినని చెప్పుకునేవాడు మరి. ఆమె కుటుంబం కెమెరా ముందుకు రావడానికి ఇష్టపడలేదు. ఆమె గురించి తనకి తెలిసింది తక్కువేనని హెర్జోగ్ ఒప్పుకుంటారు, ఊహించి పూరించరు. ఈ సినిమా మీద నా నమ్మకం అక్కడే గట్టిపడింది.