ఒక్క లోన్ ఖాతాతో బ్యాంకు సామర్థ్యాన్ని అర్థం చేసుకుందాం

నమస్కారం. విశాఖ ద్వారకానగర్‌లో ఏ రోడ్డు చూసినా వరసగా బ్యాంకులే. అందరికీ అవే ఆర్‌బీఐ రూల్స్, కోర్ బ్యాంకింగ్ (శాఖలన్నిటినీ కలిపే సాఫ్ట్‌వేర్), ఇంచుమించు అవే వడ్డీ రేట్లు. అయినా ఒక బ్యాంకు లాభాల్లో ఉంటుంది, ఇంకోటి మొండి బాకీలతో సతమతమవుతుంది. ఎందుకు?

మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్ జే బార్నీ 1991లో దీనికి ఒక జవాబు చెప్పారు. విలువైనది, అరుదైనది, పోటీదారు అనుకరించలేనిది ఏదుందో దాని వల్లే సంస్థ ముందుంటుందని. సాఫ్ట్‌వేర్‌ని ఎవరైనా కొనుక్కోవచ్చు. సిబ్బందికి ఒంటబట్టిన పనితీరును కొనలేరు.

ఇప్పుడు లెక్కలోకి వెళ్దాం. గాజువాక ఆటోనగర్‌లో ఒక చిన్న యూనిట్ అనుకోండి. మెషిన్ తనఖా పెట్టి తీసుకున్న టర్మ్ లోన్‌లో ఇంకా 50 లక్షలు బాకీ ఉంది. కిస్తీ ఆగింది. ఇక్కడి నుంచి ఎస్ఎంఏ (స్పెషల్ మెన్షన్ అకౌంట్) అనే హెచ్చరిక దశలు మొదలవుతాయి: 30 రోజుల వరకు ఎస్ఎంఏ-0, 60 వరకు ఎస్ఎంఏ-1, 90 వరకు ఎస్ఎంఏ-2. 90 దాటితే ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ.

సక్రమంగా నడిచే చిన్న పరిశ్రమ ఖాతాకు బ్యాంకు నష్టం వస్తే తట్టుకోడానికి పక్కన పెట్టే సొమ్ము, అంటే ప్రొవిజన్, 0.25 శాతం, అంటే 12,500 రూపాయలు. ఎన్‌పీఏ అయిన వెంటనే, తనఖా ఉన్నా సరే, 15 శాతం పెట్టాలి. ఏడున్నర లక్షలు! పైగా వడ్డీ చేతికి వస్తేనే ఆదాయంగా రాసుకోవాలి. ఇదంతా ఆ ఏడాది లాభంలోంచే పోతుంది.

ఆ 90 రోజుల్లో బ్యాంకు ఏం చేసిందన్నదే అసలు ప్రశ్న. మొదటి వారంలోనే మేనేజర్ ఫోన్ చేశారా? షెడ్డుకు వెళ్లి చూశారా? పెద్ద కంపెనీ నుంచి బిల్లు రాక ఇబ్బంది పడుతున్నారని తెలిస్తే, దారి చూపించే అధికారం ఆ మేనేజర్‌కు ఉందా, లేక ఫైలు పైకి వెళ్లి తిరిగొచ్చేసరికే గడువు దాటిపోతుందా? తర్వాత నోటీసులిస్తే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. నా దృష్టిలో బ్యాంకు సామర్థ్యానికి ఇంతకంటే నిక్కచ్చి పరీక్ష లేదు.

టెక్నాలజీదీ ఇదే కథ. సేవలు పదేపదే ఆగిపోతున్నాయని 2020 డిసెంబరులో హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు కొత్త క్రెడిట్ కార్డులివ్వకుండా ఆర్‌బీఐ ఆపేసింది. అంత పెద్ద బ్యాంకుకే ఆ పరిస్థితి. మనకు బాగా తెలిసిన ఆంధ్రా బ్యాంకు అదే ఏడాది ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. విలీనాల్లో కంప్యూటర్లను కలపడం కంటే రెండు పని పద్ధతులను కలపడమే కష్టం.

ఇక మీకు పని. ఏదైనా రెండు బ్యాంకుల వార్షిక నివేదికలు తెరవండి. నికర లాభం దగ్గర ఆగకుండా, ఆ ఏడాది కొత్తగా ఎన్‌పీఏ అయిన మొత్తం, వసూలైన మొత్తం, ప్రొవిజన్లు, ఈ మూడూ ఐదేళ్లవి పక్కపక్కన రాయండి. ఎక్కడ తేడా కనిపించిందో కామెంట్‌లో పెట్టండి, వచ్చే వీడియోలో ఆ అంకెలే తీసుకుందాం.