మాస్కు మాటున మాట

శ్రోతలకు నమస్కారం.

మాస్కు ఎందుకు పెట్టుకోవాలో, ఎలా పెట్టుకోవాలో కరోనా మహమ్మారి రోజుల్లో మనకు చెప్పనివారు లేరు. ముక్కు, నోరు, గడ్డం మూడూ కప్పుకోవాలన్నారు, ముందుభాగాన్ని చేత్తో తాకవద్దన్నారు, తీసేటప్పుడు చెవుల దగ్గరి తాళ్లు పట్టుకొని తీయాలన్నారు. అవన్నీ అవసరమైన మాటలే. అయితే మాస్కు పెట్టుకొని ఎలా మాట్లాడాలో చెప్పినవారు చాలా తక్కువ. నలుగురిలోకి వెళ్లినప్పుడు మనం చేసే పని ఊపిరి పీల్చి వదలడం ఒక్కటే కాదు కదా! అందుచేత ఈ కొద్ది నిమిషాలూ ఆ ఒక్క విషయానికే కేటాయిస్తాను.

ఆ రోజుల్లో ఏ కార్యాలయంలోనైనా విచారణ కిటికీ దగ్గర కాసేపు నిలబడి చూస్తే ఈ దృశ్యం కనిపించేది. అద్దానికి ఇవతల ఒక పెద్దాయన, అవతల ఉద్యోగి, ఇద్దరికీ మాస్కులు. “పదిహేనో నంబరు గదికి వెళ్లండి” అంటాడు ఉద్యోగి. “పదిహేడో నంబరా బాబూ?” అంటాడు పెద్దాయన. “పదిహేను” అని ఉద్యోగి గొంతు పెంచుతాడు. “అదే, పదిహేడేనా?” అంటూ పెద్దాయన చెవిని అద్దానికి ఆనిస్తాడు. అప్పుడు ఉద్యోగి చూపుడువేలితో మాస్కును గడ్డం కిందికి లాగి, అద్దానికి ఉన్న కంత దగ్గరికి నోరు తెచ్చి, “పదిహేనండీ!” అని గట్టిగా చెప్పి, మళ్లీ మాస్కును పైకి లాక్కుంటాడు. పెద్దాయన వెళ్లిపోతాడు, వరుసలో తరువాతి మనిషి అదే కంత ముందుకు వచ్చి నిలబడతాడు. మౌనంగా ఉన్నంతసేపూ ఆ ఉద్యోగి మాస్కు ముఖం మీదే ఉంది. నోటి నుంచి తుంపరలు వెలువడే ఆ కాస్త సమయంలో మాత్రం గడ్డం కింద ఉంది.

జ్వరమో దగ్గో లేని మనిషి కూడా మామూలుగా మాట్లాడుతూనే వైరస్‌ను ఇతరులకు అంటించగలడని తెలిసిన తరువాతనే మాస్కు అందరి ముఖాల మీదికీ వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 జూన్ 5న తన సూచనలను సవరించి, వ్యాప్తి ఉన్న ప్రాంతాలలో దూరం పాటించడం కుదరని చోట సామాన్య ప్రజలు గుడ్డ మాస్కులు ధరించేలా ప్రోత్సహించాలని ప్రభుత్వాలకు చెప్పింది. అంతకు ముందు చరిత్ర కూడా ఉంది. 1910-11 చలికాలంలో ఈశాన్య చైనాలోని మంచూరియాలో ఊపిరితిత్తుల ప్లేగు ప్రబలినప్పుడు డాక్టర్ వూ లియన్-తే దూదిని గాజుగుడ్డలో పొదిగిన మాస్కులను వైద్య సిబ్బంది చేత పెట్టించాడు. ఆ కథ చెప్పబోతే సమయం చాలదు. మన ప్రశ్న వేరు. మాట్లాడవలసి వచ్చినప్పుడల్లా చెయ్యి మాస్కు మీదికి ఎందుకు పోతుంది?

దీనికి నాకెంతో ఇష్టమైన ప్రయోగం ఒకటి సమాధానం చెబుతుంది. ఇంగ్లండులోని సర్రే విశ్వవిద్యాలయంలో హ్యారీ మెగర్క్, జాన్ మెక్‌డొనాల్డ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు దీనిని 1976లో ప్రకటించారు. ఒక స్త్రీ “గ-గ” అంటున్నట్టుగా పెదవులు కదిలిస్తున్న చిత్రాన్ని వారు తీసుకున్నారు. ఆ చిత్రానికి ఆమె గొంతులోనే “బ-బ” అన్న ధ్వనిని అతికించారు. అంటే చెవికి వచ్చేది “బ”, కంటికి కనిపించేది “గ”. దానిని చూసినవారిని ఏమి వినిపించిందని అడిగితే, చాలామంది “బ” అనలేదు, “గ” అనీ అనలేదు. “డ-డ” అని వినిపించిందన్నారు! ఎవరూ పలకని అక్షరం వారి చెవిలో పుట్టింది. కళ్లు మూసుకొని వినమంటే అదే ధ్వని “బ-బ” అని స్పష్టంగా వినిపించింది. కళ్లు తెరిస్తే మళ్లీ “డ-డ”. ఇంకా విచిత్రం ఏమిటంటే, ప్రయోగం చేసినవారికి అందులోని గుట్టు తెలుసు, వందల సార్లు చూశారు, అయినా వారికి కూడా అలాగే వినిపించింది. తెలిసినంత మాత్రాన పోయే భ్రమ కాదది. ఈ ప్రయోగాన్ని రేడియోలో చేసి చూపించలేకపోవడం నాకు కాస్త చిన్నతనంగానే ఉంది. చిత్రం లేకుండా వింటే మీకు “బ” తప్ప మరేమీ వినిపించదు.

ఇందులో తేలేది ఏమిటంటే, చెవులు బాగా పనిచేస్తున్నవారు కూడా ఎదుటివారి పెదవులను తమకు తెలియకుండానే చదువుతూ ఉంటారు. “మీరు”, “నీరు” అన్న రెండు మాటలు తీసుకోండి. సందడిలో వింటే ఈ రెండింటికీ చెవి సులభంగా పొరబడుతుంది. కంటికి మాత్రం ఏ అనుమానమూ ఉండదు, ఎందుకంటే మొదటిదానికి పెదవులు మూసుకుంటాయి, రెండవదానికి మూసుకోవు. మాస్కు ఆ సాక్ష్యాన్ని తీసివేస్తుంది.

దానికి తోడు ధ్వనిని కూడా కొంత మింగుతుంది. మాస్కుల గుండా ధ్వనిని పంపి కొలిచి చూసినవారు గమనించినది ఇది: సుమారు 1000 హెర్ట్జ్‌ల లోపు, అంటే సెకనుకు వెయ్యి కంపనాల లోపు ఉండే ధ్వనులను చాలా మాస్కులు పెద్దగా ఆపవు, అంతకు పైనున్న సన్నని ధ్వనులనే మందగింపజేస్తాయి. మన మాటలో అచ్చుల బలమంతా కింది శ్రేణిలో ఉంటుంది. స, శ, త, ట, ఫ వంటి హల్లులను ఒకదాని నుంచి మరొకటి వేరు చేసే సన్నని ధ్వనులు పై శ్రేణిలో ఉంటాయి. కాబట్టి మాట గట్టిగానే చేరుతుంది గాని విడివిడిగా చేరదు. పెదవులు కనిపించేలా పారదర్శకమైన ప్లాస్టిక్ కిటికీ పెట్టిన మాస్కులు కూడా వచ్చాయి. పెదవుల కదలిక మీద ఆధారపడే బధిరులకు అవి నిజంగా మేలు చేస్తాయి. చిక్కల్లా, ఆ ప్లాస్టిక్ గుడ్డ కంటే ఎక్కువ ధ్వనిని ఆపుతుంది.

ఇక మనం చేయగలిగినది. అరవవద్దు. అరవవద్దని రెండోసారి కూడా చెబుతున్నాను, ఎందుకంటే మనకు మొదట తోచేది అదే. గొంతు పెంచితే ముఖ్యంగా పెరిగేవి అచ్చులు, పోయినవేమో హల్లులు. పైగా బిగ్గరగా మాట్లాడిన కొద్దీ నోటి నుంచి వెలువడే కణాలు పెరుగుతాయి. అరవడానికి బదులు నెమ్మదించండి. ఎదుటివారి వైపు పూర్తిగా తిరిగి, వారి చూపు మీ మీద నిలిచాక, సగం వాక్యం చెప్పి, ఒక్క క్షణం ఆగి, మిగతా సగం చెప్పండి. ఒకసారి అందని మాటను అదే రూపంలో మళ్లీ చెబితే మళ్లీ అందకపోవచ్చు. కిటికీ వెనకనున్న ఉద్యోగి “ఒకటి, ఐదు” అని అంకెలు విడదీసి, ముందు ఒక వేలు, తరువాత ఐదు వేళ్లు చూపించి ఉంటే మాస్కు మీద చెయ్యి వేయవలసిన పనే ఉండేది కాదు.

వినేవారికీ ఇందులో వంతు ఉంది. “వినపడలేదు” అని మాత్రమే అంటే చెప్పేవారు మొత్తం మళ్లీ, ఈసారి అరిచి, చెబుతారు. “గది అన్నారు, నంబరు అందలేదు” అంటే ఆ నంబరు ఒక్కటే నెమ్మదిగా చెబుతారు.

మాట్లాడేటప్పుడు మాస్కు ముక్కు మీది నుంచి జారుతూ ఉంటే దోషం తరచుగా మడతలలోనే ఉంటుంది. చాలామంది పై అంచును ముక్కు మీద పెట్టి అంతటితో వదిలేస్తారు. మడతలున్న మాస్కును కింది అంచు పట్టుకొని గడ్డం కింది దాకా పూర్తిగా విప్పి, పై అంచులోని తీగను ముక్కు ఆకారానికి నొక్కితే, దవడ కదలడానికి చోటు దొరుకుతుంది, మాటమాటకీ దాన్ని పైకి లాక్కోనక్కరలేదు. కళ్లద్దాలవారికి అదనపు లాభం కూడా ఉంది: పైనుంచి పోయే వెచ్చని ఊపిరి తగ్గి, అద్దాల మీద ఆవిరి పట్టడం తగ్గుతుంది.

చెవి వెనక వినికిడి యంత్రం పెట్టుకునేవారు మాత్రం చెవులకు తగిలించే రకం కాక తల వెనక ముడి వేసుకునే మాస్కును ఎంచుకోవడం మంచిది. మాస్కు తీసే తొందరలో తాడుకు చిక్కుకొని యంత్రం ఎక్కడో పడిపోవడం, ఇంటికి చేరే దాకా ఆ సంగతి తెలియకపోవడం కొత్త విషయమేమీ కాదు. చెవులకు తగిలించే మాస్కే వాడవలసి వస్తే, తీసిన వెంటనే రెండు చెవుల వెనకా ఒకసారి చేత్తో తడిమి చూసుకోండి, తడమడానికి ముందు చేతులు కడుక్కోవడం మరవకండి.